సంఘపు కెమెరా



బాప్తిస్మములు, వివాహములు ఫోటోలు తీయుటకు సంఘమునకు ఒక డిజిటల్ కెమెరా కొందామని యౌవనస్థులు అడుగుచుందురు. మంచిదే. కొన్ని కుటుంబములలో గతించిన అవ్వ ముఖము అట్టి ఫోటోలోనే మిగిలియుండును. అయితే నూజెండ్ల వంటి గ్రామములలో సంఘపు సొమ్మనగా తల్లులు ఎసరు పెట్టునప్పుడు తీసియుంచిన పిడికెడు బియ్యము, కూలి డబ్బులలోని కానుక. కాబట్టి మెగాపిక్సెళ్ల లెక్కకు మురిసిపోక, వస్తువు గట్టిదనమును, అది చేతిలో అమరు తీరును చూడుడని మేము కోరుచున్నాము.

మొదట కెమెరాను చేతపట్టి చూడండి. కుడిచేతి వేళ్లు కుదురుగా అమరవలెను. ఎడమ అరచేయి లెన్సు బరువు మోయవలెను. తేలికైన కెమెరాకు బరువైన లెన్సు తగిలించినయెడల అది ముందుకు వాలును, పెండ్లి ఆరాధన ముగియకముందే చేయి వణకును.

రెండవది, లెన్సును కెమెరాకు బిగించు వలయము. కానన్ వారు 1987లో తెచ్చిన 50 మి.మీ. లెన్సుకు (ఎఫ్ 1.8) లోహపు వలయముండెను. 1990లో దానిని ప్లాస్టిక్‌తో చేసి, లెన్సు బరువును 130 గ్రాములకు తగ్గించిరి. 2015లో మరల లోహమే పెట్టిరి. తేలికైన లెన్సుకు ప్లాస్టిక్ చాలును. తరచుగా లెన్సులు మార్చువారికి లోహము మేలు. పాతది కొనునప్పుడు లెన్సు బిగించి మెల్లగా కదిపి చూడండి, వదులుండరాదు. జూమ్ వలయము త్రిప్పినప్పుడు ఇసుక నలిగినట్లుండరాదు. లెన్సును వెలుతురుకు ఎత్తి, లోపల బూజు దారములున్నవేమో కనిపెట్టండి.

కొన్న తరువాత జాగ్రత్త మరింత అవసరము. మిరప కల్లముల దగ్గర దుమ్ములో లెన్సు మార్చకండి. అద్దము మీద నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర పడును. గాలి కొట్టు రబ్బరు బుడ్డి వాడండి. వానాకాలమందు చెమ్మగిల్లిన సంచిలో మూసి ఉంచినయెడల బూజు పట్టును. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో ఉంచండి. గుండ్లకమ్మలో గాని చెరువులో గాని బాప్తిస్మమిచ్చునప్పుడు పట్టీ మెడలో వేసుకొని గట్టుననే నిలువండి. కెమెరాను ఒకరికి అప్పగించి, ఎవరు ఎప్పుడు తీసికొనిరో పుస్తకములో వ్రాయండి.

కానుకపెట్టె యెదుట కూర్చుండి బీద విధవరాలి రెండు కాసులను గమనించిన ప్రభువు, అట్టి కాసులతో మనము కొన్నదానిని ఎట్లు కాపాడుచున్నామో కూడ గమనించును. ఆయన కృప మీకు తోడైయుండును గాక.