గీసేవానికి చెట్టేది?

కోరుట్ల నుంచి జగిత్యాలకు పోయే తొవ్వలో పొద్దుపొద్దున నిలబడి చూడండి. నడుముకు ముస్తాదు, భుజాన మోకు, బండికి రెండు దిక్కులా వేలాడే క్యాన్లతో పాత టీవీఎస్ ఎక్సెల్ మీద పోతున్న మనిషి కనబడతాడు. ఆయన తాత ఇదే పనిని కాలినడకన చేశాడు. చెరువు కట్ట కింద, వాగు ఒడ్డున, చెలక గట్ల మీద అప్పుడు చెట్లు వరుసగా ఉండేవి. ఇయ్యాల ఒక చెట్టు ఈ ఊరి శివారులో ఉంటే ఇంకోటి రెండు కిలోమీటర్ల అవతల ఉంది. గీత పనిలో సగం పెట్రోలు పని అయిపోయింది.

ఈ బండి సంగతి చిన్నదని కొట్టిపారేయొద్దు. క్లచ్చు ప్లేటు పోయినా, చైను తెగినా బండి మెకానిక్ దగ్గర పూటంతా ఉంటుంది. చెట్టు మాత్రం పూటంతా ఆగదు. తాటి గెల కొసను రోజూ పలుచగా చెక్కాలి. చెక్కకుంటే కోసిన మొఖం ఎండిపోయి పారకం ఆగుతుంది. దించని లొట్టిలో కల్లు పులిసి ఎవరికీ పనికిరాకుండా పోతుంది. సిరిసిల్లలో సాంచా చెడిపోతే కార్మికుని కూలి పోతుంది, అదీ అన్యాయమే. కానీ అక్కడ ఆసామి జాబర్‌ను పిలిచి బాగు చేయిస్తాడు. గౌడన్నకు ఆసామీ తానే, జాబరూ తానే, కూలీ తానే. బండికి పెట్టేది, కత్తికి పెట్టేది, లొట్టికి పెట్టేది అన్నీ ఆయన జేబులోంచే. ఇదివరకు గీత కత్తికి సాన పట్టిచ్చేందుకు ఊర్లోనే కమ్మరి ఉండేవాడు. కొలిమి ఆరిపోయిన ఊర్లలో ఆ పనికీ పట్నం పోవాల్సిందే.

సాంచా తెగితే దారం తెగుతుంది. మోకు తెగితే నడుము విరుగుతుంది. తాటిచెట్టు మీది నుంచి పడి బతికిన మనిషి మంచంలోనే ఉండిపోతే ఆ ఇల్లు ఎట్లా గడవాలో గౌడవాడలలో అందరికీ తెలుసు. ఆ ఇంటామె కల్లు అమ్ముకొని బతికిన మనిషి, చెట్టు గీసేవాడు పడిపోయాక ఆమెకు అమ్మడానికి కల్లే లేదు. అందుకే 2024 జూలైలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో కాటమయ్య రక్షక కవచం కిట్ల పంపిణీ మొదలుపెట్టినప్పుడు మేము సంతోషించాం. దేవుని పేరు పెట్టారు, మంచిదే. మనిషిని కాపాడే పని మాత్రం ఆ కాటమయ్య మీద వదిలేయొద్దని అంటున్నాం. కిట్టు అంటే తాళ్లు, కొక్కేలు, ఇనుప సామాను. వాడితే అరుగుతాయి, తుప్పు పడతాయి. ఒక కొక్కెం వంగితే కొత్తది ఎక్కడ దొరుకుతుంది? తాడు పనికివస్తుందా లేదా అని ఎవరు పరీక్షించి చెబుతారు? పంపిణీ నాడు ఫొటో దిగిన ఆఫీసరు ఏడాది తరువాత ఆ తాడును చూడడానికి వస్తాడా?

కేరళలో కొబ్బరి చెట్టు ఎక్కేవాళ్లు కరువైనప్పుడు కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో 'కొబ్బరి చెట్టు నేస్తాలు' అనే కార్యక్రమం పెట్టింది. యువకులను, మహిళలను పోగుచేసి ఎక్కే యంత్రం మీద శిక్షణ ఇచ్చింది. యంత్రం ఇచ్చింది, బీమా కట్టింది. ఆ యంత్రాన్ని తెచ్చి తాటికి తగిలిస్తే చాలదు. కొబ్బరి మాను నున్నగా ఉంటుంది. మన తాటి మాను గరుకు, అడుగున ఒక లావు, నడుమ ఒక లావు. ఈత మానేమో గీతల గంట్లతో మెలికలు తిరిగి ఉంటుంది. పైగా మన మనిషి కాయ కోసి దిగేవాడు కాడు. పైకి పోయి మట్టల నడుమ నిలబడి, ఒక చేత కత్తి, ఒక చేత లొట్టి పట్టుకొని పనిచేయాలి. ఇక్కడి చెట్టుకు ఇక్కడి యంత్రమే కావాలి. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, జిల్లాల్లో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, సిరిసిల్లలో ఇనుముతో ఏ పనైనా చేసే పనివాళ్లున్నారు. వీళ్లను గౌడన్న ముందర కూర్చోబెట్టే బుద్ధి ఒక్క కలెక్టరుకు పుట్టినా చాలు.

కిట్టు సంగతి అట్లుంచి అసలు సంగతికి వద్దాం. ఎక్కడానికి చెట్టు ఉండాలి కదా.

ఎస్సారెస్పీ కాకతీయ కాలువ నీళ్లు వచ్చాక కోరుట్ల, జగిత్యాల పొలాలు పచ్చబడ్డాయి. అందుకోసం కొట్లాడిన వాళ్లం మేము, నీళ్లను తప్పుపట్టం. కానీ వరి వచ్చింది, ట్రాక్టరు వచ్చింది, గట్టు సన్నబడ్డది. గట్టు మీద తాడు అడ్డమయింది. పట్టాదారు చెట్టు కొట్టిస్తాడు, మొద్దు ఇటుకబట్టీకి పోతుంది. చెట్టు కొట్టడానికి ఆబ్కారీ వాళ్ల అనుమతి కావాలని రాతలో ఉంది. జేసీబీకి ఆ రాత చదవొస్తదా? హార్వెస్టరు కోసిపోయిన వరికొయ్యలకు పెట్టే అగ్గి ఇంకో శత్రువు. యాసంగి అయిపోగానే పెట్టిన మంట గట్టు దాటి ఈతవనాన్ని బూడిద చేస్తుంది. అగ్గి పెట్టినాయనకు పొలం ఉంది, వచ్చే కారుకు నాటు వేసుకుంటాడు. కాలిపోయిన చెట్లను నమ్ముకున్నాయన వచ్చే కారుకు ఏం చేయాలి? సిరిసిల్ల దిక్కు మధ్యమానేరులో చీర్లవంచ, కొదురుపాక, నీలోజిపల్లి లాంటి ఊర్లు మునిగినప్పుడు చెరువు కట్టల మీది, వాగు ఒడ్డున చెట్లూ మునిగాయి. భూసేకరణలో చెట్టు ధర భూమి పట్టాదారు లెక్కలో పడుతుంది. భూమి లేకున్నా దాని మీద ఆధారపడి బతికేవాడిని బాధిత కుటుంబంగా చూడాలని 2013 భూసేకరణ చట్టం చెప్పింది. ఆ మాట ఎత్తి అడగాల్సిన గొంతులు అప్పుడు గట్టిగా లేవలేదు, మా గొంతుతో సహా.

ఈ లెక్కను ఇంకొంచెం ముందుకు తీయాలి. 2018లో రైతుబంధు వచ్చింది. ఎకరానికి నాలుగు వేలతో మొదలైంది, పెరిగింది, తరువాతి సర్కారులో పేరు మారి రైతు భరోసా అయ్యింది. పదెకరాల ఆసామికి పదింతలు, ఎకరం ఉన్నవాడికి ఒకింత. ఆ పదెకరాల గట్ల మీద చెట్టెక్కే మనిషికి సున్నా. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన రైతుబీమా పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఇంటికి ఐదు లక్షలు ఇచ్చే పథకం. గౌడన్న ఇంటికి ఐదు లక్షల పరిహారం రావాలంటే మాత్రం ఆయన చెట్టు మీది నుంచే పడాలి, చనిపోవాలి, లేదా శాశ్వతంగా పనికి రాకుండా పోయాడని డాక్టర్లు రాసివ్వాలి. కాగితాలు తిరగాలి. రైతుబీమా లెక్కనే గీత కార్మికులకూ బీమా పెడతామని 2023 మేలో అప్పటి సర్కారు ప్రకటించింది. ఆ ఏడాది చివర ఎన్నికలు వచ్చాయి, సర్కారు మారింది. యాభై ఏండ్లు దాటిన గీత కార్మికునికి పింఛన్ 2014లో వెయ్యి, 2019లో 2,016 అయింది. సంతోషమే. కానీ యాభై ఏండ్ల దాకా నడుము నిలవాలి కదా.

రైతుకు ఇచ్చింది తప్పని మేము అనడం లేదు. భూమిని బట్టే మనిషిని లెక్కపెట్టే అలవాటును తప్పంటున్నాం. దొరల కాలంలో గడీకి కల్లు వెట్టిగా మోసినవాళ్లు గీత కార్మికులు. హర్రాజులో ఊర్లకు ఊర్ల చెట్లను పట్టుకున్న ఆబ్కారీ కాంట్రాక్టర్ల కింద కూలికి గీసినవాళ్లు. దున్నేవానికి భూమి ఎట్లనో గీసేవానికి చెట్టు అట్ల కావాలని నల్లగొండ గడ్డ మీద బొమ్మగాని ధర్మభిక్షం వంటి వాళ్లు సంఘం కట్టి కొట్లాడితేనే సొసైటీలు వచ్చాయి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది మంది రైతుకూలీలు జైత్రయాత్ర తీసినప్పుడు వెట్టి పోవాలని, పాలేర్ల జీతాలు పెరగాలని, దొరలు ఆక్రమించిన బంజరు భూములు పేదలకు రావాలని అడిగారు. సర్కారు జవాబేమిటి? ఆ అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. ఆ బంజర్లలో ఈతవనాలకు పనికొచ్చే నేల ఎంత ఉందో, ఇప్పుడు ఎవరి పాసుబుక్కుల్లో ఉందో తీయండి.

చెట్లు తగ్గాయి, కానీ కల్లు తగ్గలేదు. ఈ గమ్మత్తును గమనించారా? చెట్టు ఇచ్చేది పది లొట్లయితే డిపోలో అమ్ముడుపోయేది వంద సీసాలు. నడుమ ఉన్నది నీళ్లు, చక్కెర, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం. అలవాటైన మనిషి ఒక్క పూట తాగకుంటే పిచ్చిలేసినట్టు తిరుగుతాడు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి జనం చనిపోతే టీవీలన్నీ 'కల్లు' అన్నాయి, మందు కలిపినవాడి పెట్టుబడి ఎక్కడిదని అడిగినవి తక్కువ. చెట్టెక్కేవాడికి అల్ప్రాజోలం ఎక్కడ దొరుకుతుంది? సొసైటీ పేరు గీత కార్మికులది, పెత్తనం డిపో నడిపేవాడిది. ఆ డిపో నడిపేవాడు కూడా మన కులపోడే అయితే సంఘం పెద్దలు నోరు మెదపరు. ఈ మాట అంటే మాకు కోపాలు వస్తాయని తెలుసు, రానీయండి.

ఇంకో పెత్తనం గ్రామాభివృద్ధి కమిటీలది. జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ దిక్కు ఊర్లలో కల్లు అమ్ముకోవాలంటే కమిటీకి ఏటా ఇంత కట్టాలని తీర్పు చెబుతారు. కట్టకుంటే గౌడ కుటుంబాలకు కిరాణం బంద్, కూలి బంద్, మాట్లాడినవాడికి జరిమానా. చట్టంలో లేని కమిటీ, చట్టంలో లేని పన్ను! తెలంగాణ వచ్చాక సర్కారు చెట్ల పన్ను ఎత్తేసింది. సర్కారు వదిలిన పన్నును ఊరి పెద్దలు వసూలు చేయడానికి రాష్ట్రం తెచ్చుకున్నామా?

వైన్‌షాపుల రిజర్వేషన్ సంగతి చెప్పకుంటే ఈ లెక్క పూర్తికాదు. 2021లో 2,620 మద్యం దుకాణాల్లో గౌడులకు 15 శాతం రిజర్వేషన్ కింద 363 ఇచ్చారు. వినడానికి ఎంత బాగుంది! దరఖాస్తుకే తిరిగిరాని రెండు లక్షలు. 2023లో లక్షా ముప్పై ఒక్క వేలకు పైగా దరఖాస్తులు పడి, ఆ ఫీజుల మీదనే సర్కారుకు 2,600 కోట్లకు పైగా వచ్చాయి. 2025లో ఫీజు మూడు లక్షలు చేశారు. ఎక్సెల్ బండి రిపేరుకు అప్పు తెచ్చే మనిషి చీటీ డబ్బాలో మూడు లక్షలు వేసి అదృష్టం చూసుకుంటాడా? ఆయన పేరు మీద ఇంకొకడు వేస్తాడు. గౌడ కులానికి ఇచ్చామని సర్కారు లెక్క చెప్పుకుంటుంది. కులానికి ఇచ్చింది పనికి ఇచ్చినట్టు కాదు. ఆ దుకాణం చుట్టూ పుట్టిన బెల్టుషాపు అదే గౌడన్న కల్లు గిరాకీని తింటుంది.

2011 సకల జనుల సమ్మెలో వంటావార్పు పొయ్యిల కాడ, రాస్తారోకోల కాడ వీళ్లు మోకులు భుజాన వేసుకొని మా పక్కన కూర్చున్నారు. పొద్దుగాల చెట్టు గీసి, పగలు రోడ్డు మీద కూర్చొని, మాపు మళ్లీ చెట్టెక్కారు. ఉద్యోగికి సమ్మె కాలం సర్దుబాటు ఉంది, చెట్టుకు లేదు. ఆ బాకీ మాకు గుర్తుంది.

అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. ప్రతి గీత సొసైటీకి ఐదెకరాల భూమి ఇచ్చి ఈత, తాటి వనాలు పెంచాలని ఉమ్మడి రాష్ట్రంలోనే జీవో 560 వచ్చింది. హరితహారంలో 2015 నుంచి ఈత మొక్కలు పంచారు, నాటారు. నాటిన జాగా ఎవరిది? కాలువ కట్ట నీటిపారుదలోళ్లది, రోడ్డు పక్క ఆర్ అండ్ బీది, గట్టు పట్టాదారుది. నీళ్లు పోసేవాడు లేడు, కంచె లేదు, మేక మేసింది. ఈత మొక్క గీతకు రావాలంటే ఐదారేండ్లు, తాడు పదిహేను ఇరవై ఏండ్లు. అన్నేండ్లు కాపాడాలంటే నేల తనదని గౌడన్నకు నమ్మకం ఉండాలి. కాబట్టి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కలెక్టర్లు మండలాల వారీగా ఏ సొసైటీకి ఏ సర్వే నంబరులో ఐదెకరాలు ఇచ్చారో, ఎవరికి ఇయ్యలేదో పంచాయతీ గోడల మీద రాయించాలి. ఇయ్యనిచోట ఎప్పటిలోగా ఇస్తారో తేదీ వేయాలి. బోరు, కంచె ఉపాధి హామీ నిధుల్లోంచి చేయించాలి. మోకు కిట్టుకు మండలానికొక రిపేరు కేంద్రం పెట్టి, గౌడ యువకులకే ఆ పని నేర్పాలి. కమిటీల జరిమానా రసీదులు ఎవరి దగ్గరున్నా మాకు పంపండి. ఊరి పేరుతో సహా ఈ పేజీలోనే అచ్చు వేస్తాం.