వాళ్ళ పాత బట్ట వేరు, నా మాసిక వేరు



‘వస్తువులు పారేయకండి, బాగుచేసుకోండి’ అని ఈమధ్య చదువుకున్నవాళ్ళు చాలామంది రాస్తున్నారు. కేంద్ర ప్రభుత్వం కూడా 2022లో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ పెట్టింది. మంచిదే. నేనూ ఆ మాటే అంటాను. కాకపోతే మా వాడలో నిలబడి అంటాను కాబట్టి లెక్క కొంచెం వేరుగా ఉంటుంది.

పాతదా, కొత్తదా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. మనుస్మృతి పదో అధ్యాయం చండాలులకు శవాల మీది బట్టలు, పగిలిన పాత్రలు రాసిపెట్టింది. అది పుస్తకంలోనే ఆగిపోలేదు. దొర ఇంట్లో చిరిగిన చొక్కా జీతగాడి ఒంటిమీదికి వచ్చేది, దానికీ దండం పెట్టాలి. అందుకే మా పిల్లవాడు మొదటి జీతంతో కొత్త బూట్లు కొంటే, దుబారా అనేవాళ్ళతో నేను ఊరుకోను. ముందు కొత్తది కొనుక్కునే హక్కు, ఆ తర్వాతే రిపేరు నీతి.

మరి రిపేరు గురించి నేనెందుకు మాట్లాడుతున్నాను? 1927 డిసెంబరులో మహాడ్‌లో బాబాసాహెబ్ దళిత స్త్రీలతో, చీరకు మాసికలున్నా ఫరవాలేదు, శుభ్రంగా ఉంటే చాలన్నారు. నాకు అర్థమైంది ఇది: ఒకడు విదిల్చిన బట్ట కట్టుకోవడం బానిసత్వం. నా కష్టంతో కొన్న బట్టకు నేనే మాసిక వేసుకోవడం నా వస్తువు మీద నా అధికారం.

ఇంతకీ ఈ దేశంలో రిపేరు తెలిసిన చేతులెవరివి? మోట తొండం చిరిగితే బావి నీళ్ళు పొలానికెక్కవు. తంగేడు చెక్కతో తోలు శుద్ధి చేసి, ఆరె పట్టి కుట్టి, ఆ తొండాన్ని మళ్ళీ నిలబెట్టింది మాదిగలు. మా నాయన కుట్టిన తొండం పోసిన నీళ్ళు ఎవరికీ అంటు కాలేదు, ఆయన చెయ్యి మాత్రం అంటు. ఆ చేతిలో ఉన్నది ఇంజనీరింగే. దానికి సర్టిఫికెట్ లేదు, నాలుగు గింజలే కూలి.

ఇవాళ మాత్రం ఏం మారింది? మూడు వేల బూట్లను షోరూంలో నోరెత్తకుండా కొన్నవాళ్ళు, అడుగు ఊడితే బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే అన్నతో పది రూపాయలకు బేరమాడతారు. పర్యావరణ ప్రేమంతా ఆ పది దగ్గరే ఆగిపోతుంది. మీరు పారేసింది ఎత్తిపోసే పని ఏ కులాల మీద పడుతుందో చెప్పక్కర్లేదు. ఒక వస్తువు ఇంకో రెండేళ్ళు వాడితే వాళ్ళ తల మీద గంప కొంత తేలికవుతుంది.

పారేసే ముందు బాగుచేయించండి. అడిగినంత కూలి ఇవ్వండి. అంతకంటే మంచిది, సూదీ ఆరె మీరే పట్టండి. మా కొడుకూ కూతురూ తమ చెప్పులు తామే కుట్టుకుంటారు, అదీ వాకిట్లో అందరికీ కనబడేట్టు. పెద్ద కులాల పిల్లలు కూడా తమ అరుగు మీద కూర్చుని అలా కుట్టుకున్న రోజు ఆ పనికి అంటిన కులం వదులుతుంది.

జై భీమ్.