చట్టమయ్యాక కాదు, బిల్లుగా ఉండగానే

శింగనమల పల్లెల్లో ఖబరస్తాన్ హద్దు ఎక్కడని అడిగితే పెద్దలు ఒక చెట్టునో, పాతిన రాతినో, పొలం గట్టునో చూపుతారు. కాగితం చూపమంటే మౌనం వహిస్తారు. వేరుశనగ ఎండినా పండినా తాతలనాటి చెలకను వదలని చిన్న రైతు పరిస్థితీ అంతే. కాగితం లేనివాడికి చట్టంలోని ఒక్క మాట మారినా కాళ్లకింద నేల కదులుతుంది.

ఆ అనుభవం మనకు కొత్త కాదు. 2022లో శాసనసభ ఆమోదించిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. భూమి తగాదాను సివిల్ కోర్టు గడప నుంచి తప్పించి ప్రభుత్వం నియమించే అధికారి చేతిలో పెట్టింది. న్యాయవాదులు విధులు బహిష్కరించి వీధికెక్కారు. ఎన్నికల్లో అదే పెద్ద వివాదమైంది. 2024 జూలైలో శాసనసభే దానిని రద్దు చేసింది. సంతోషమే. కానీ అది బిల్లుగా ఉన్న రోజుల్లో మన మండల పరిషత్తును, జిల్లా పరిషత్తును, అనంతపురం నగరపాలక సంస్థను "మీ అభిప్రాయమేమిటి?" అని మనం అడిగామా? అడగలేదు. ఇల్లు కాలాక బావి తవ్వడం మనకు అలవాటైపోయింది.

అడిగే హక్కు లేక కాదు. మన శాసన మండలిలోని 58 స్థానాల్లో 20 స్థానాలను స్థానిక సంస్థల ప్రతినిధులే ఎన్నుకుంటారు. అంటే మన కార్పొరేటరు, కౌన్సిలరు, ఎంపీటీసీ, జడ్పీటీసీ ఓటుతో గెలిచినవారు ప్రతి బిల్లు మీదా మాట్లాడగల సభలో కూర్చుంటున్నారు. ఆ సభకు బిల్లును ఆపి ఆలోచింపజేసే శక్తి ఉందని 2020 జనవరి 22న చూశాం. రాజధాని బిల్లులను నాటి మండలి అధ్యక్షుడు ఎం.ఎ. షరీఫ్ సెలెక్ట్ కమిటీకి పంపారు. రాజధాని విషయంలో ఎవరి అభిప్రాయం వారిది. తొందరపడుతున్న ప్రభుత్వాన్ని ఒక్క క్షణం నిలబెట్టి ప్రశ్నించవచ్చునన్నదే మనకు ముఖ్యం.

"రాష్ట్ర చట్టాలతో మున్సిపాలిటీకి ఏం పని?" అనేవారున్నారు. 2020 మార్చిలో పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రానికి రాష్ట్రం తన మాట చెప్పవచ్చు గానీ, రాష్ట్రానికి పట్టణం చెప్పకూడదా? అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇందుకోసమే ఒక నగర సంఘం ఉంది. మేయరు కార్యాలయం, నగర మండలి, నగర న్యాయవాది ప్రతినిధులు అందులో ఉంటారు. నగర శాఖలు తమకు సంబంధించిన బిల్లులను దాని ముందుకు తెస్తాయి. బహిరంగ సమావేశంలో చర్చించి సమర్థించాలో, వ్యతిరేకించాలో తేలుస్తారు. ఆ నిర్ణయానికి శాసనసభ కట్టుబడనక్కరలేదు. అయినా నగరం ఏ పక్షాన నిలిచిందో రికార్డుకెక్కుతుంది. రేపు ఓటడగడానికి వచ్చినవాడిని నిలదీయడానికి ఆ రికార్డు చాలు.

మేము కోరేది ఇంతే. భూమి, ఇల్లు, చదువు, ప్రార్థనా స్థలాలకు సంబంధించిన ప్రతి బిల్లునూ పరిశీలించే సంఘాన్ని జిల్లా పరిషత్తులోనూ, నగరపాలక సంస్థలోనూ ఏర్పాటు చేయాలి. ఎవరు నష్టపోతారు, రుజువు భారం ఎవరిపై పడుతుంది, అన్యాయం జరిగితే ఏ తలుపు తట్టాలి? ఈ మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. సారాంశం తెలుగులోనే కాక, 2022లో రాష్ట్ర రెండో అధికార భాషగా గుర్తింపు పొందిన ఉర్దూలోనూ ప్రజలకు అందాలి.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన బాధ్యత గుర్తుచేసుకుందాం. ప్రతి మసీదు కమిటీలో బిల్లులు చదివి వివరించగల ఒక యువకుడో, యువతో ఉండాలి. జుమా నమాజు తర్వాత పది నిమిషాలు అందుకు కేటాయించలేమా? ఇది మన ఒక్కరి గొడవ కూడా కాదు. ఎసైన్డ్ భూమిని నమ్ముకున్న దళిత కుటుంబానిదీ ఇదే భయం. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల దగ్గర హిందువులు, ముస్లింలు భుజం భుజం కలిపి నిలబడే నేల మనది. గ్రామసభలోనూ అలాగే నిలబడదాం.

చట్టమయ్యాక పెట్టే వెయ్యి కేకల కంటే, బిల్లుగా ఉండగా అడిగే ఒక్క ప్రశ్న బలమైనది. ఆ ప్రశ్నను రాబోయే గ్రామసభలోనే అడుగుదాం.