లైసెన్సు ఒకరిది.. బోటును ఆపేది ఎవరు?
మారిటైం బోర్డు బాధ్యత రేవు దాకా రావాలి

రాజమహేంద్రవరం: పాపికొండల విహారానికి 77 మందితో బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిపోయింది. ప్రాణాలతో బయటపడినవారు 26 మందే. ఆ బోటుకు కాకినాడ పోర్టు అధికారుల లైసెన్సు ఉంది. పర్యాటక శాఖ అనుమతి లేదన్న సంగతి ప్రమాదం జరిగిన తర్వాత వెల్లడైంది. 38 రోజులకు బోటును వెలికితీశారు. ఆ ఉదయం దానిని రేవులోనే ఆపవలసిన అధికారి ఎవరన్నది అసలు ప్రశ్న.

ఒక్కో ప్రమాదం.. ఒక్కో లోపం

అంతకు ముందు 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద కృష్ణానదిలో మునిగినది అనుమతి లేని బోటు. 2018 మే 15న మంటూరు సమీపంలో గిరిజనులతో వెళుతున్న లాంచీని ఈదురుగాలులు ముంచాయి. అదే ఏడాది జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక వద్ద బడి నుంచి ఇళ్లకు వెళుతున్న పిల్లల పడవ బోల్తా పడింది. ఒకచోట అనుమతి లేదు, మరొకచోట వాతావరణం అనుకూలించలేదు. కచ్చులూరులో లైసెన్సు ఉన్నా వరదను లెక్కచేయలేదు. లైసెన్సు కాగితం ఒక్కటే ప్రాణాలను కాపాడదని ఈ వరుస చెబుతోంది.

గట్టుకో లెక్క.. బోటుకో లెక్క

ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. అప్పటి ప్రవాహం సుమారు పది లక్షల క్యూసెక్కులు. కచ్చులూరు దుర్ఘటన నాడు నదిలో ఉన్నది అందులో సగమే. ఈ హెచ్చరికలు ఏటిగట్లను, లంక గ్రామాలను దృష్టిలో ఉంచుకొని నిర్ణయించినవి. కొండల నడుమ నది ఇరుకైన చోట సుడులను ఎదుర్కొనే బోటుకు అవి సరిపోవు. ఏ రేవులో ఎంత ప్రవాహం దాటితే ప్రయాణాలు నిలిపివేయాలో విడిగా నిర్ణయించి, ఆ అంకెను రేవులోనే అందరికీ కనబడేలా రాయించాలి.

చట్టం మారింది

1917 నాటి పాత చట్టం స్థానంలో దేశీయ జలనౌకల చట్టం-2021 వచ్చింది. 2022 జూన్ నుంచి అమలులో ఉంది. యాంత్రిక బోట్లకు సర్వే, రిజిస్ట్రేషన్, సిబ్బందికి అర్హత పత్రాలు, బీమా తప్పనిసరి. యంత్రం లేని పడవల నమోదు స్థానిక సంస్థల స్థాయిలో జరగాలి. మన రాష్ట్రంలో బోట్ల తనిఖీ, రిజిస్ట్రేషన్ మారిటైం బోర్డు పరిధిలోకి వచ్చాయి. అయితే మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నం ఓడరేవుల నిర్మాణ భారం కూడా ఆ బోర్డుదే. వేల కోట్ల పనుల నడుమ లంక రేవులోని పడవ మరుగున పడే ప్రమాదం ఉంది.

అధికారం ఒక్కరికే ఉండాలి

కచ్చులూరు అనంతరం 2019 నవంబరు 21న తొమ్మిది బోటు కంట్రోల్ రూములకు శంకుస్థాపన జరిగింది. రెవెన్యూ, పోలీసు, జలవనరులు, పర్యాటక శాఖలను ఒకచోట చేర్చాలన్న ఆలోచన మంచిదే. కానీ నలుగురి బాధ్యత చివరకు ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. వరద, గాలివాన సమాచారం అందిన వెంటనే బోటును నిలిపివేసే అధికారం రేవులోని ఒకే అధికారికి ఉండాలి. ఆయన మారిటైం బోర్డుకు జవాబుదారీ కావాలి. ప్రయాణికుల పేర్లు, లైఫ్ జాకెట్ల లెక్క సరిచూసి ఆయన సంతకం చేసిన తర్వాతే సరంగు బోటును కదిలించాలి.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ కొన్ని నెలలు ప్రయాణాలు ఆపి, విచారణ జరిపి, తిరిగి అనుమతించడం ఆనవాయితీగా మారింది. పర్యాటకులు ప్రయాణం మానుకోగలరు. పడవ తప్ప మరో దారి లేని లంక గ్రామాల బడిపిల్లలకు ఆ వీలు లేదు. బోర్డు పాత్రను మార్చవలసింది ముందుగా వారి కోసమే.