వింటే సరిపోదు, బ్రెయిలీ పుస్తకం కావాలి

ఇక చూపు రాదని తేలిన బిడ్డ తల్లిదండ్రులు మమ్మల్ని ముందుగా అడిగేది చదువు గురించే. ఈ మధ్య జవాబు కూడా వారే చెబుతున్నారు: "సెల్‌ఫోనే చదివి వినిపిస్తుందట కదండీ, ఇంకా బ్రెయిలీ ఎందుకు?" కొందరు ఉపాధ్యాయులు కూడా ఇదే మాట అంటున్నారు. మేము దీనితో ఏకీభవించడం లేదు.

ఫోను మంచి సాధనమే. పెద్ద తరగతుల వారికి, ఉద్యోగస్తులకు ఎంతో మేలు చేస్తోంది. అయితే అక్షరాలు నేర్చుకునే వయసులో వినడం వేరు, చదవడం వేరు. మన తెలుగునే చూడండి. మాటల్లో శ, ష, స లను చాలామందిమి ఒకేలా పలుకుతాం. 'బాధ'లో ఉన్నది ద యో, ధ యో చెవికి తెలియదు. చూపున్న పిల్లలకు ఆ తేడా నేర్పేది పుస్తకమే. విని మాత్రమే పదో తరగతికి వచ్చిన పిల్లవాడు పాఠం గడగడా అప్పజెబుతాడు గాని, నాలుగు వాక్యాలు తప్పులేకుండా రాయాలంటే తడబడతాడు. ఇక లెక్కలా! భిన్నాలను, సమీకరణాలను విని మనసులో పెట్టుకొని చేయమంటే మనలో ఎంతమందిమి చేయగలం?

లూయీ బ్రెయిలీ 1829లో ప్రచురించిన పద్ధతిలో ఉన్నవి ఆరు చుక్కలే. వాటితో 63 గుర్తులు వస్తాయి. 1951లో మన దేశభాషలకు ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ ఏర్పడింది. తెలుగు 'క'కు, హిందీ 'క'కు చుక్కలు ఒకటే. శ, ష, స లకు మాత్రం వేర్వేరు చుక్కలు. ఒత్తులు అక్షరం కింద వేలాడవు, గుణింతాలు పైన ఎక్కవు, అన్నీ వరుసలోనే వస్తాయి. ఈ విషయంలో చూపున్న పిల్లలకంటే వీరికే సులువేమో!

కష్టమంతా పుస్తకం దగ్గరే. కాపీరైటు అడ్డమని ఇంకా కొందరు అంటున్నారు. అది నిజం కాదు. 2012 చట్ట సవరణతో వికలాంగులు చదువుకోగల రూపంలోకి పుస్తకాలను మార్చుకునే వీలు కలిగింది. మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించినది మన దేశమే. మరి ఆలస్యం ఎక్కడ? తెలుగు పుస్తకాలు చాలావరకు అను ఫాంట్లలో కంపోజ్ అయినవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్దితేనే కంప్యూటరు సరైన బ్రెయిలీ ఇస్తుంది. ప్రచురణకర్తలు మొదటే యూనికోడ్ ప్రతి ఇస్తే సగం పని తప్పుతుంది. అచ్చు పేజీ ఒకటి బ్రెయిలీలో రెండు మూడు పేజీలవుతుంది, దానికి దళసరి కాగితం కావాలి. అందుచేత ఒక్క సాంఘికశాస్త్రమే అనేక సంపుటాలవుతుంది. ఈ పనంతా వేసవిలో ముగిసి, జూన్‌లో బడి తెరిచేనాటికి పుస్తకం పిల్లల చేతికి రావాలి. అర్ధ సంవత్సర పరీక్షలు దాటాక వచ్చే పుస్తకం వలన ఏమి ప్రయోజనం?

పాఠ్యపుస్తకాలతోనే సరిపెట్టడం కూడా మాకు నచ్చడం లేదు. పిల్లలకు కథలు కావాలి. అచ్చు అక్షరాలు, బ్రెయిలీ చుక్కలు ఒకే పేజీలో ఉన్న పుస్తకమైతే బిడ్డ వేళ్ళతో చదువుతుంటే తల్లి పక్కన కూర్చుని చూస్తూ చదవగలదు.

కంటి వైద్యులకు ఒక మాట. "చేయగలిగినది ఇక లేదు" అని చీటీ రాసి పంపవద్దు. కొద్దిపాటి చూపు మిగిలి ఉందేమో పరీక్షించండి. ఉంటే పెద్ద అక్షరాల పుస్తకం, భూతద్దం చాలవచ్చు. లేకపోతే బ్రెయిలీ నేర్పే బడి ఎక్కడ ఉందో అదే చీటీపై రాసి, తల్లిదండ్రులకు చదివి వినిపించండి. ఐదారేళ్ళకే వేళ్ళకు అలవాటైతే చదవడంలో వేగం వస్తుంది.

బ్రెయిలీ పుస్తకాలు ఉన్న బడులవారు వాటిని ఒకదానిపై ఒకటి పేర్చవద్దు. బరువుకు చుక్కలు అణిగిపోతాయి. బీరువాలో నిలువుగా పెట్టండి.