మొండితనమా, మలబద్ధకమా?

సాహిత్య బ్లాగులో మలబద్ధకమేమిటని ముక్కు మూసుకొనకండి. ధర్మపురిలో మా మేనల్లునికి 30 ఏండ్లు. బుద్ధిమాంద్యం, మాటలు రావు. కడుపు పట్టుకొని గోడకు తల కొట్టుకొంటే మొండితనమన్నారు, మందు పెంచారు. ఆ మందే పేగుల కదలికను మందగింపజేయునని చెప్పినవారు లేరు! వణుకు తగ్గించుటకు జతచేసే ట్రైహెక్సిఫెనిడిల్‌ది మరీ అన్యాయం: నోటిని ఎండగట్టి మలాన్నీ బిగించగలదు.

ఇంగ్లండులోని సఫోక్‌లో 2012లో డౌన్ సిండ్రోమ్ గల 33 ఏండ్ల యువకుడు మలబద్ధకం ముదిరి మరణించాడు. క్లోజపైన్‌పై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఈ విషయమై హెచ్చరికను కఠినతరం చేసింది. మా వాని చీటీలో ఆ ప్రశ్నకే చోటు లేదు. నరసింహస్వామికి మొక్కుకొమ్మని చెప్పేవారికి మాత్రం కొదవ లేదు (నేనూ మొక్కాను).

ఇప్పుడు మా అక్క విరేచనమైన రోజు క్యాలెండరుపై సున్నా చుడుతున్నది. మూడు రోజులు ఖాళీగా ఉంటే దానినే చంకన పెట్టుకొని పోయి, "ముందుగాల కడుపు చూడుండ్రి సారూ" అంటున్నది.