పట్టుపురుగు తెల్లగా ఎందుకుంది?

పోయిన సంవత్సరం మా బ్యాచ్ వాళ్ళం కుప్పం దగ్గర ఒక పల్లె బడికి వెళ్ళాం. ఐదో తరగతి పిల్లలకు ఒక పూట సైన్స్ చెప్పాలి. నా వంతుకు వచ్చిన టాపిక్ 'జంతువులు, వాటి రక్షణ రంగులు'. రాత్రంతా కూర్చుని పీపీటీ చేశా. మంచులో ధ్రువపు ఎలుగుబంటి, ఎండుగడ్డిలో సింహం, అమెజాన్ అడవిలో కప్ప... మొత్తం పద్నాలుగు స్లయిడ్లు. పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని చూశారు. "అర్థమైందా?" అంటే "అయింది సార్" అని అందరూ ఒకే రాగం తీశారు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక పాప లేచింది. "అన్నా, చుట్టూ ఉండే రంగులో కలిసిపోతేనే బతుకుతాయి అంటివి కదా. మా షెడ్డులో పట్టుపురుగులు పచ్చాకు మీద తెల్లగా ఉండాయి. అవెట్ల బతుకుతాండాయి?"

నా దగ్గర పదిహేనో స్లయిడ్ లేదు. "తర్వాత చెప్తానమ్మా" అని తప్పించుకున్నా. హాస్టల్‌కొచ్చి వెతికితే తెలిసింది, ఆ పాప ప్రశ్న నా పద్నాలుగు స్లయిడ్ల కంటే పెద్దదని.

పట్టుపురుగుకు ఒక అడవి చుట్టం ఉంది. పేరు బాంబిక్స్ మాండరినా. చైనా, కొరియా, జపాన్ వైపు మల్బరీ చెట్ల మీద ఇప్పటికీ బతుకుతోంది. దాని పురుగు మట్టిరంగు మచ్చలతో కొమ్మల్లో కలిసిపోతుంది. రెక్కలొచ్చాక కూడా గోధుమ రంగే, చక్కగా ఎగురుతుంది. సుమారు 5000 ఏళ్ళ కిందట చైనాలో మనుషులు దాన్ని ఇంట్లో పెంచడం మొదలుపెట్టారు. మేత మనమే వేస్తాం. పక్షి రాదు. ఊజీ ఈగ కూడా రాకుండా షెడ్డుకు వల కడతాం. దాక్కోవాల్సిన పనే లేనప్పుడు తెల్లగా పుట్టిన పురుగు కూడా బతికింది, పిల్లల్ని పెట్టింది. మనిషి తనకు నచ్చినవాటినే ఏరుకుంటూ పోయాడు. ఇప్పుడు పట్టుపురుగు తెల్లన, గూట్లోంచి వచ్చే చిలుక తెల్లన, పైగా ఎగరలేదు.

అంటే మదనపల్లె నుంచి కుప్పం దాకా ఊరూరా ఉన్న షెడ్లలో రక్షణ రంగుల పాఠం తిరగేసి ఉంది. దాన్ని వదిలేసి నేను ఎలుగుబంటిని తీసుకెళ్ళా.

ఇదే నా కంప్లయింట్, మొదట నా మీద, తర్వాత మనందరి మీద. మనం పల్లె బడులకు వాలంటీర్లుగా వెళ్తాం, ఫొటోలు దిగుతాం, స్టేటస్ పెడతాం. కానీ పాఠం మాత్రం ఎక్కడో దూరం నుంచి తెస్తాం. సైన్స్ అనేది మన ఊళ్ళో ఉండదు, స్క్రీన్‌లో ఉంటుంది అని పిల్లలకు మనమే నేర్పిస్తున్నాం. పొలాల్లో పెరిగే పిల్లలు మనకంటే ఎక్కువ పురుగుల్ని చూసుంటారు. వాళ్ళు చూసినదానికి కారణం వెతకడం నేర్పితే చాలు.

పెరట్లో కరేపాకు చెట్టు దగ్గరికి వెళ్ళండి. ఆకు మీద పిట్ట రెట్ట పడినట్టు కనిపిస్తుంది. కాస్త ఆగి చూస్తే అది కదులుతుంది. అది ఒక నల్ల సీతాకోకచిలుక పురుగు. చిన్నప్పుడు రెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటివి చాపి ఘాటు వాసన కొడుతుంది.

రోడ్డు పక్కన జిల్లేడు చెట్టు మీద పూర్తిగా వేరే పాఠం ఉంటుంది. అక్కడి పురుగు నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో దూరానికే కనిపిస్తుంది. జిల్లేడు పాల విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి దాక్కోదు, 'నన్ను తినకు' అని బోర్డు పెట్టుకుంటుంది. అదే పెరిగి నారింజ రంగు సీతాకోకచిలుక అవుతుంది. ఆ నారింజ రంగును కాపీ కొట్టే ఇంకో జాతి కూడా ఉంది. దాని మగది నల్లగా తెల్ల మచ్చలతో ఉంటుంది, ఆడది మాత్రం అచ్చం ఈ విషపు చిలుకలాగే ఉంటుంది. విషం లేకపోయినా పిట్టలు మోసపోతాయి.

పుంగనూరు ఆవును చూడండి. మూడడుగుల ఎత్తు కూడా ఉండదు. ఒకటి తెల్లగా, ఒకటి బూడిద రంగులో, ఒకటి గోధుమ రంగులో ఉంటుంది. అడవిలో దుప్పులు మాత్రం అన్నీ దాదాపు ఒకే చుక్కల చొక్కాలో తిరుగుతాయి. ఎందుకు? ఆవుకు మనిషి కాపలా ఉంది, దుప్పికి దాని చర్మమే కాపలా. ఈ ప్రశ్న అడిగితే జవాబు పిల్లలే చెప్తారు.

ఇంకో తప్పు కూడా చేశా. "రక్షణ కోసం జంతువులు రంగు మార్చుకున్నాయి" అని చెప్పా. ఏ పురుగూ కూర్చుని ప్లాన్ వేసుకోలేదు. కనబడినవాటిని పిట్టలు తిన్నాయి, కనబడనివి మిగిలాయి. అంతే. ఇది చెప్పడానికి ప్రొజెక్టర్ అక్కర్లేదు. యాభై ఆకుపచ్చ ఉలన్ ముక్కలు, యాభై ఎర్రవి పచ్చగడ్డిలో చల్లండి. పిల్లలు గోరింకలు. ఒక్క నిమిషంలో ఎన్ని ఏరగలిగితే అన్ని. మిగిలిన ప్రతి ముక్కకూ అదే రంగుది ఇంకోటి కలిపి మళ్ళీ ఆడించండి. నాలుగైదు ఆటలయ్యేసరికి గడ్డిలో ఏ రంగు మిగిలిందో వాళ్ళే లెక్కపెడతారు. మన కోడింగ్ పులులు దీన్నే పైథాన్‌లో రాసి గ్రాఫ్ గీయొచ్చు.

ఊసరవెల్లి సంగతీ అంతే. మాట మార్చే లీడర్‌ను తిట్టడానికి దాని పేరు వాడతాం. నిజానికి అది రంగు మార్చేది ఎక్కువగా ఎండ వేడికి, కోపానికి, జోడీ కోసం. దాని చర్మంలోని సన్నటి స్ఫటికాల మధ్య దూరం మారితే రంగు మారుతుందని 2015లో జెనీవా శాస్త్రవేత్తలు చూపించారు. ఇది మన ఆప్టిక్స్ సిలబస్సే. ఈ మాట తెలిసిన పిల్లాడు దాని మీద రాయి వేసేముందు కనీసం ఒకసారి ఆగుతాడు.

"ఇవన్నీ చెప్పడానికి రిషివ్యాలీ ఉంది, అగస్త్య ఉంది కదా" అన్నాడు మా రూమ్మేట్. నిజమే. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ 1991 నుంచి పక్షుల సంరక్షణ ప్రాంతం. అగస్త్య ఫౌండేషన్ 1999 నుంచి పిల్లలకు చేతులతో చేయించి సైన్స్ నేర్పుతోంది, కుప్పం దగ్గర దానికి పెద్ద క్యాంపస్ ఉంది. వాళ్ళు దారి చూపించారు. కానీ ప్రతి బడికీ వాళ్ళే రావాలంటే కుదరదు, కరేపాకు చెట్టు మాత్రం ప్రతి వీధిలో ఉంది.

జాగ్రత్తలూ కావాలి. పురుగుల్ని చూడాలి, చేత్తో పట్టకూడదు. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. ముఖ్యంగా, రంగు చూసి పామును గుర్తుపట్టొచ్చని పిల్లలకు చెప్పొద్దు. కట్లపాములాగే చారలుండే విషం లేని పాము ఒకటుంది, పెద్దవాళ్ళే పొరబడతారు. ఏ పామైనా దూరం నుంచే.

ఈ పాఠం చిన్న తరగతుల్లోనే ఎందుకంటే, 2023లో ఎన్సీఈఆర్టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి పరిణామం పాఠాన్ని తీసేసింది. పది తర్వాత బయాలజీ తీసుకోని వాళ్ళు, అంటే మనలాంటి వాళ్ళు, ఆ ఆలోచనను ఇంక ఎక్కడా కలవరు. పురుగుల షెడ్డు ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లకైనా అది దక్కాలి కదా.

వచ్చే నెల మళ్ళీ అదే బడికి వెళ్తున్నాం. ఈసారి ల్యాప్‌టాప్ తీసుకెళ్ళను. ఉలన్ ఉండలు రెండు కొన్నా. ముందుగా ఆ పాపకు జవాబు బాకీ ఉంది, అది తీర్చాలి. మీలో ఎవరైనా వస్తానంటే బస్సులో సీటు పట్టి ఉంచుతా.